సాంపి చల్లిన స్వింగు

సాస్తిలో బొగ్గు దొరుకుతుంది, బొగ్గు దుమ్ము ఇంకా బాగా దొరుకుతుంది. సాఫ్ట్‌బాల్ తెలిసినవాడే దొరకలేదు. అందుకని ఆడపిల్లల జట్టుకు నన్ను కోచ్‌ని చేశారు. నా అర్హత ఒక్కటే: ఆ మీటింగుకు ఆలస్యంగా వెళ్ళాను.

పేరులో 'సాఫ్ట్' ఉంది కదా అని ఒప్పుకున్నాను. తీరా చూస్తే బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు దాదాపు 190 గ్రాములు. క్రికెట్ బంతి 160 దగ్గరే ఆగుతుంది. ఆ తేడా మొదటి రోజే నా మోకాలికి తెలిసింది.

వీడియోలు చూసి స్వింగు పాఠం రాసుకున్నాను. బరువు వెనక కాలి మీద. ముందు కాలితో చిన్న అడుగు. మడమ ఆనాక నడుము తిరగాలి, దాని వెంట భుజం, భుజం వెంట చేతులు, అన్నిటికన్నా చివర బ్యాటు. బంతి తగిలేటప్పుడు ఒక అరచెయ్యి ఆకాశాన్ని, రెండోది నేలను చూడాలి. ఇక దీన్ని ఏ భాషలో చెప్పాలన్నది ఇంకో చిక్కు. సాస్తి ఉన్న మా రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. ఇళ్ళలో తెలుగు, బళ్ళో మరాఠీ. 'నడుము తిప్పు' అంటే ఇద్దరు తిరిగేవారు, 'కంబర్ ఫిరవ్' అంటే ఐదుగురు. బ్యాటు మాత్రం ఏ భాషలోనూ తిరగలేదు.

తప్పు నాదే. అంతర్జాతీయ మహిళల ఆటలో పిచ్చర్‌కూ బ్యాటర్‌కూ మధ్య 43 అడుగులు. గంటకు 100 కిలోమీటర్ల బంతికి అర సెకను కూడా పట్టదు. నా పాఠంలో మొదటి ముక్క గుర్తొచ్చేలోపే బంతి క్యాచర్ చేతిలో ఉంటుంది. మా పిచ్చర్ బంతి ఎడ్లబండిలా వచ్చేది, అదీ తగిలేది కాదు. చిర్రగోనె ఆడినట్టు చేతులతోనే కొట్టేవారు. నడుము తుప్పు పట్టిన గడియ.

ఒకరోజు పొద్దున్నే పాలకు వెళ్తుంటే, మా జట్టు పిల్ల వాకిట్లో సాంపి చల్లుతోంది. అడుగున మిగిలిన నీళ్ళను రెండు చేతులతో బకెట్ ఎత్తి ఒక్క విసురు విసిరింది. ఎడమ కాలు ముందుకు పడింది, నడుము తిరిగింది, బకెట్ వెనకబడి వచ్చింది. బకెట్ అడుగును పట్టిన అరచెయ్యి ఆకాశాన్నే చూస్తోంది! ఇంత శ్రద్ధగా చూస్తూ దారిలోనే నిలబడిపోయాను. నీళ్ళలో పేడ కూడా ఉంది.

"అయ్యో సారూ, సూడలేదు! లోపలికి రాండ్రి, తువ్వాల ఇస్త," అంది వాళ్ళమ్మ.

"ఇంకోసారి పొయ్యమనండమ్మా," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పిల్లను లోపలికి పిలిచింది.

ఆ సాయంత్రం బ్యాట్లు పక్కన పెట్టి బకెట్లు పట్టించాను. ఎదురుగా వేపచెట్టు. చేతులతోనే విసిరితే నీళ్ళు సొంత కాళ్ళ మీదే పడతాయి. నడుము తిరిగితే చెట్టు తడుస్తుంది. నేను నోరు విప్పే పనే లేదు. పెద్ద జట్లకు ఇదే పని బరువైన మెడిసిన్ బాల్ విసిరించి నేర్పుతారు. అయినా 1887లో షికాగోలో ఈ ఆట మొదలైంది చీపురు కట్టెతోనే. మేము బకెట్ చేర్చాం, అంతే.

వారం తిరిగేసరికి ఆ పిల్ల కొట్టిన బంతి గోడ దాటి బొగ్గు లారీల రోడ్డు మీద పడింది. ఇప్పుడు మా దగ్గర బ్యాట్లు రెండు, బంతులు మూడు, బకెట్లు ఆరు. ఆరో బకెట్ మా ఇంటిది. మా ఆవిడ ఇంకా వెతుకుతోంది.