ఏ భాషలో నోరు తెరవాలి?

“అక్కడ ఏ భాష మాట్లాడతార్రా?” అని అమ్మ గుంటూరు నుంచి అడిగితే, లక్సెంబర్గ్‌లో డిగ్రీలో చేరిన తెలుగు కుర్రాడు “ఎవరితో? ఎన్నింటికి?” అని ఎదురు ప్రశ్న వేస్తాడు. అమ్మకు అది వెటకారంలా వినిపిస్తుంది. పాపం, వాడు చెప్పింది నిజమే.

దేశం వైశాల్యం మొత్తం 2,586 చదరపు కిలోమీటర్లు. ఎటు తిరగాలన్నా టిక్కెట్టు గొడవ లేదు. 2020 ఫిబ్రవరి 29 నుంచి బస్సులు, రైళ్లు, ట్రాములు అందరికీ ఉచితం, ఫస్ట్‌క్లాసులో కూర్చుంటేనే డబ్బులు. కాకపోతే రైల్లో కునుకు కాస్త గట్టిగా పట్టిందంటే మెలకువ వచ్చేది ఫ్రాన్సులో. అక్కడ టిక్కెట్టు అడుగుతారు.

ఇంత చిన్న దేశానికి భాషలు మూడు. లక్సెంబర్గిష్ జాతీయ భాష అని 1984లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలో. పార్లమెంటులో లక్సెంబర్గిష్‌లో వాదించుకుంటారు, తేలిన దాన్ని ఫ్రెంచిలో చట్టం చేస్తారు. మూడో భాష జర్మన్. పౌరుడు ఈ మూడింట్లో ఏ భాషలో అర్జీ పెడితే ఆఫీసు ఆ భాషలోనే జవాబివ్వాలని కూడా ఆ చట్టంలో ఉంది, ‘వీలైనంత వరకు’ అన్న తోకతో సహా. సర్కారీ కాగితాలు చూసిన మనవాళ్లకు ఆ తోక కొత్తేమీ కాదు.

తెలుగు, హిందీ, ఇంగ్లిష్ వచ్చని బయోడేటాలో దర్జాగా రాసుకున్న కుర్రాడికి అసలు దెబ్బ క్లాసులో తగులుతుంది. పక్కన కూర్చున్న స్థానిక పిల్ల ఇంట్లో మాట్లాడేది లక్సెంబర్గిష్. అక్షరాలు దిద్దిందీ, ఎక్కాలు వల్లించిందీ జర్మన్‌లో. హైస్కూలుకి వచ్చేసరికి అవే లెక్కలు ఫ్రెంచిలోకి మారిపోయాయి. ఇంగ్లిష్ ఆ పైన. ఇన్ని వచ్చినా ఆ అమ్మాయి అదో విద్యలా చెప్పుకోదు. మనవాడు ఆ రాత్రే బయోడేటా సవరించుకుంటాడు.

సరే, నేర్చుకుందామని బయల్దేరతాడు. పొద్దున బేకరీకి వెళ్లి, కష్టపడి పట్టిన ‘మోయెన్’ అనే లక్సెంబర్గిష్ నమస్కారం పెడతాడు. కౌంటరు వెనకున్నావిడ ఫ్రాన్సు నుంచి వచ్చి పనిచేసి సాయంత్రం వెళ్లిపోయే మనిషి. అలా సరిహద్దు దాటి రోజూ పనికొచ్చేవాళ్లు రెండు లక్షలకు పైనే. ఆవిడ “బోంజూర్” అంటుంది. సరేనని ఫ్రెంచి నేర్చుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళితే, గుమస్తా వాడి అవస్థ చూడలేక జాలిపడి ఇంగ్లిష్‌లోకి మారిపోతాడు. మేడ మెట్ల మీద ఎదురయ్యే పక్కింటాయనది పోర్చుగీసు. జనాభాలో దాదాపు సగం విదేశీయులే, అందులో పోర్చుగీసువాళ్లదే పెద్ద గుంపు. అందరూ మర్యాదస్తులే. ఆ మర్యాద వల్లే కుర్రాడికి ఒక్క భాషా పూర్తిగా అబ్బదు.

మనవాడి యూనివర్సిటీ ప్రధాన క్యాంపస్ బెల్వాల్ అనే చోట ఉంది. ఒకప్పుడు అది ఉక్కు కర్మాగారం. 1997లో అక్కడి చివరి కొలిమి ఆరిపోయింది. ఆకాశాన్నంటే ఆ ఇనుప గోపురాలను పడగొట్టకుండా ఉంచి, చుట్టూ క్లాసురూములు కట్టారు. ముడిఖనిజం నిల్వ చేసిన భవనంలో 2018లో లైబ్రరీ తెరిచారు. కొలిమి ముందు నిలబడి ఫొటో దిగి పంపితే, “చదువుకని చెప్పి ఫ్యాక్టరీలో చేరావా?” అని అమ్మ ఏడ్చినంత పని చేసింది.

ఈ యూనివర్సిటీ పుట్టిందే 2003లో. అంతకుముందు ఇక్కడి పిల్లలు డిగ్రీ పూర్తిచేయాలంటే పొరుగు దేశాలకు పోవాల్సిందే. యూనివర్సిటీ వచ్చినా ఆ అలవాటు పోలేదు. డిగ్రీ విద్యార్థి ఎవరైనా ఒక సెమిస్టర్ విదేశంలో చదివి తీరాలి. విదేశంలో చదువుతున్నానని మనవాడు ఎంత మొత్తుకున్నా లాభం లేదు, అది లెక్కలోకి రాదు.

కబురు గుంటూరు చేరింది. “విదేశం నుంచి విదేశానికి పంపేస్తున్నారంటే వీడేదో చేసే ఉంటాడు” అని మేనత్త తేల్చేసింది. పెదనాన్న మాత్రం, ఆ ఆరు నెలల హాస్టల్ డబ్బులు వెనక్కిస్తారేమో కనుక్కోమన్నాడు.