గులాబీకి కాపలా వెల్లుల్లి

సరే, మా అపార్ట్‌మెంటుకీ వచ్చేసింది. లిఫ్టు పక్కన, మెయింటెనెన్స్ కట్టనివాళ్ళ జాబితా కింద, లేత గులాబీ రంగు కాగితం మీద: 'మీ గులాబీ ఒంటరిగా ఉందా?' ఆదివారం పొద్దున 9 గంటలకి మిద్దె మీద సహచర మొక్కల శిబిరమట. వచ్చేవాళ్ళు ఒక కుండీ, ఒక వెల్లుల్లిపాయ, 'ప్రేమించే మనసు' తెచ్చుకోవాలట. తెచ్చుకోలేనివాళ్ళకి కిట్టు అక్కడే అమ్ముతారు. కిట్టులో మనసు కూడా ఉంటుందో లేదో రాయలేదు.

నా గులాబీలు ఒంటరిగానే ఉన్నాయి. మధ్యలో ఒక్కసారి నేను మోసపోయింది తప్పిస్తే, పదిహేనేళ్ళుగా కుండీకి ఒకటి చొప్పున, ఎవరి మట్టిలో వాళ్ళు. ఇన్నేళ్ళలో ఏ ఒక్కటీ నా దగ్గర ఈ ప్రస్తావన తేలేదు. ఆకలన్నాయి, దాహమన్నాయి, మే నెలలో గోడ వేడికి మాడిపోతున్నామన్నాయి, జూలైలో వేళ్ళు కుళ్ళిపోతున్నాయన్నాయి. ఆకు పసుపు చేసి ఒకసారి, మొగ్గ మాడ్చి ఒకసారి, నాకు అర్థమయ్యేదాకా చెప్పాయి. తోడు కావాలని మాత్రం అనలేదు.

పోనీ తోడు తెచ్చిపెడదాం. కాపురం పెట్టే ఇల్లెంత? 12 అంగుళాల కుండీ. అందులో గులాబీ, దాని మొదట్లో అరడజను వెల్లుల్లి, పక్కన బంతి, అంచున పుదీనా. కిట్టు పెట్టె మీది బొమ్మలో అందరూ కళకళలాడుతూ ఉంటారు. అమీర్‌పేట హాస్టల్లో ఫోర్ షేరింగ్ గదిలో ఉండి చదువుకున్న పిల్లల్నెవరినైనా అడగండి, ఆ కళ ఎన్నాళ్ళుంటుందో. బక్కెట్టెడు మట్టి, చెంబెడు నీళ్ళు, నలుగురు. వాళ్ళలో పుదీనా ఒక్కతే చాలు, మూడు నెలలు తిరిగేలోగా మిగతావాళ్ళ సామాను బయటపడేసి గది తన పేర రాయించుకుంటుంది.

ఇక వెల్లుల్లి సంగతి. దీని గురించి తీరిగ్గా మాట్లాడక తప్పదు. ఎందుకంటే మా వదిన నిరుడు ఈ శిబిరానికి ఊరవతలిదాకా వెళ్ళి పట్టా పుచ్చుకొచ్చింది. అప్పట్నుంచీ పొద్దున్నే నాకు కాఫీ కంటే ముందు వెల్లుల్లి వస్తోంది, ఫోన్లో.

వెల్లుల్లి వాసనకి పేనుబంక దరిదాపుల్లోకి రాదట. ఆ మాట కనిపెట్టినవాళ్ళు వంటింట్లో ఎప్పుడైనా అడుగుపెట్టారా అని నా అనుమానం. పొట్టు తీయని పాయలు మన ఉట్టి బుట్టలో నెల్లాళ్ళుంటాయి, ఎవరి ముక్కుకీ తెలీదు. రెండు రెబ్బలు రోట్లో వేసి ఒక్క పోటు పొడవండి, మూడో ఇంటివాళ్ళకి కూడా తెలుస్తుంది ఇవాళ చారు పెడుతున్నామని. రెబ్బ నలిగితేనే అందులో ఉన్న అల్లీన్ మీద ఒక ఎంజైమ్ పనిచేసి అల్లిసిన్ పుడుతుంది. ఘాటంతా దానిదే. కుండీలో బుద్ధిగా నిలబడ్డ వెల్లుల్లి మొక్క ఎవరినీ తరమదు. తరమాలంటే రోజూ ఒకరు మిద్దెక్కి దాన్ని దంచుతూ ఉండాలి. దంచి, నీళ్ళలో నానబెట్టి, వడగట్టి చల్లితే అది వేరే కథ. పచ్చిమిర్చీ వెల్లుల్లీ నూరి కషాయం కొట్టే రైతులు మనకి కొత్త కాదు. దాన్ని వాళ్ళు మందంటారు, స్నేహమనరు.

నిరుడు డిసెంబరులో వదిన ఒక ఫోటో పంపింది, 'చూడు, ఎంత ఏపుగా ఉందో' అని. వెల్లుల్లి ఏపుగానే ఉంది. దాని ఆకు వంగి గులాబీ మొగ్గకి ఆనుకుని ఉంది. ఫోటోని పెద్దది చేసి చూద్దును కదా, మొగ్గ మెడ కనబడకుండా పచ్చటి పేనుబంక, ఒకదాని మీద ఒకటి. ఆ బంక దగ్గరికి చీమలు బారు కట్టాయి. దేని మీదుగా? వెల్లుల్లి ఆకు మీదుగా. నిచ్చెన వేసినట్టుంది. నేనేమీ అనలేదు, వదిన కదా.

ఇంకా ఉంది. వెల్లుల్లి మన దగ్గర చలికాలపు పంట. అక్టోబరు, నవంబరులో నాటితే ఫిబ్రవరి, మార్చికల్లా ఆకు పండి ఒరిగిపోతుంది. మిద్దె మీద ఎర్రనల్లి ఎప్పుడు చెలరేగుతుంది? సరిగ్గా అప్పుడే, ఎండ ముదిరి గాలి పొడిబారాక. అసలు దొంగలు దిగే వారంలోనే ఈ కాపలావాడు రిటైరై ఊరెళ్ళిపోతాడన్నమాట. పోనీ ఉన్నన్నాళ్ళైనా ధైర్యంగా ఉంటాడా అంటే, వెల్లుల్లికి బద్ధశత్రువు తామర పురుగు. ఉల్లి, వెల్లుల్లి వేసే ఏ రైతునైనా అడగండి, కర్నూలు వైపు వెళ్ళి అడగండి, ఆకుల మీద వెండి చారలు పడితే వాళ్ళకి నిద్ర ఉండదు. గులాబీని పీడించేవాటిలో కూడా మొదటి వరసలో ఉండేది ఈ తామర పురుగుల జాతే. తన ఇంట్లో దొంగలు పడితే అరవలేనివాణ్ణి తెచ్చి పక్కింటికి వాచ్‌మన్‌గా పెట్టాం.

ఇంతవరకూ ఓర్చుకోగలను. వెల్లుల్లి పక్కనుంటే గులాబీకి సువాసన పెరుగుతుందన్న మాట దగ్గర మాత్రం నాకు బీపీ వస్తుంది. గులాబీ పరిమళం రేకుల్లో పుట్టే నూనెల వల్ల వస్తుంది. అది రకాన్ని బట్టి, పూసిన పూట వాతావరణాన్ని బట్టి ఉంటుంది. పన్నీరు గులాబీ గుప్పుమంటుంది, అది దాని పుట్టుక. పాలీహౌసుల నుంచి వచ్చే పొడుగు కాడల గులాబీకి పెద్దగా వాసన ఉండదు. దాన్ని తయారుచేసిందే వాడిపోకుండా బొకేలో నిలబడటానికి. వెల్లుల్లితో ఆ లోటు తీరేదైతే గుడిమల్కాపూర్ మార్కెట్టులో పూల గంప గంపకీ మధ్య ఒక వెల్లుల్లి బస్తా ఉండేది. 'ఋషులు ఊరికే చెప్తారా' అంది వదిన.

ఏ ఋషి? ఈ మంత్రం ప్రపంచమంతా తిరిగింది లూయీస్ రియోట్ అనే అమెరికా ఆవిడ 1983లో రాసిన పుస్తకం పేరు మీద. 'రోజెస్ లవ్ గార్లిక్', గులాబీలకి వెల్లుల్లంటే ప్రేమ అని. ఓక్లహోమా ఆవిడ. తన పెరట్లో తను చూసిందీ, పెద్దవాళ్ళు చెప్పగా విన్నదీ రాసుకుంది, ఆవిడ తప్పేమీ లేదు. దాన్ని తెచ్చి కాషాయం చుట్టి 'మన పూర్వీకుల విజ్ఞానం' అని ఫార్వర్డ్ చేసేవాళ్ళతోనే నా తగువు. పూర్వీకులకి గులాబీ తెలీదని కాదు. 1443లో విజయనగరానికి వచ్చిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్, ఈ ఊళ్ళో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారు, వీళ్ళకి అన్నమెంతో గులాబీ అంతలా ఉందే అని ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. వృక్షాయుర్వేదం కూడా మనదే. అందులో కుణపజలం అని ఒక ఎరువుంది. మాంసం, మజ్జ ఉడకబెట్టి పులియబెట్టాలి. దాన్ని మాత్రం ఒక్కరూ ఫార్వర్డ్ చేయరేం?

ఫార్వర్డయ్యేవి ఇంకా ఉన్నాయి. బంగాళదుంపకి గులాబీ కొమ్మ గుచ్చి పాతితే వేళ్ళొస్తాయట. దుంపకి మొలకలొస్తాయి, కొమ్మ కుళ్ళుతుంది. గుడ్డు పెంకులు వేయమంటారు, మన బోరు నీళ్ళకి కుండీ అంచున తెల్లగా సున్నం పేరుకుపోతుంటే. లావెండర్ గురించి నన్నడగొద్దు, మా మిద్దె మీద అది మొదటి శ్రావణమాసం దాటలేదు.

బంతి సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేనూ మోసపోయాను. బంతి వేళ్ళలో ఆల్ఫా టెర్థియెనైల్ అనే పదార్థం ఉంది, వేళ్ళని పట్టే నులిపురుగుల్ని అది అణుస్తుంది, ఇదంతా నిజమే. కాకపోతే పొలమంతా ఒత్తుగా బంతి వేసి నెలల తరబడి ఉంచితే కనిపించే గుణమది. నేను కుండీకి ఒకటి నాటి మురిసిపోయాను. మార్చి మొదట్లో బంతి ఆకులు దుమ్ము పట్టినట్టు పాలిపోయాయి. దుమ్మే అనుకున్నాను. వారానికి గులాబీ ఆకులూ అదే రంగు. ఒక తెల్ల కాగితం కింద పట్టి కొమ్మని దులిపాను. మిరప్పొడి రాలినట్టు రాలింది. చూస్తూ ఉంటే ఆ పొడి నడవటం మొదలుపెట్టింది. ఎర్రనల్లికి బంతి పుట్టిల్లు. ఆ పుట్టింటిని చేతులారా తెచ్చి గులాబీ ఒళ్ళో పెట్టాను. తర్వాత పదిరోజులు పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని ఆకుల అడుగు కడగటమే నా ఉద్యోగం.

ఆ తర్వాత తెలిసొచ్చింది, టమాటా రైతు బంతినెందుకు వేస్తాడో. 16 సాళ్ళ టమాటాకి ఒక సాలు బంతి. టమాటా నారు 25 రోజులది, బంతి నారు 40 రోజులది, రెండూ ఒక్కసారి పూతకి రావాలని. కాయతొలిచే శనగపచ్చ పురుగు వచ్చి టమాటా వదిలి బంతి పూల మీద గుడ్లు పెడుతుంది. అలాగే వేరుశనగ చుట్టూ ఆముదం. పొగాకు లద్దెపురుగు ఆముదం ఆకు మీద గుడ్ల కుప్ప పెడితే రైతు ఆ ఆకుని కోసి తొక్కేస్తాడు. దీన్ని మన భాషలో ఎర పంట అంటారు. పంట మీద ప్రేమతో ఇంకో మొక్కని బలి పెట్టడం. రోజూ తిరిగి చూడాలి, పురుగుని ఏరాలి, లేకపోతే ఎర వేసి చేపని వదిలేసినట్టే. సాళ్ళ లెక్క, నారు వయసు లెక్క, పురుగు రాకపోకల లెక్క, ఇదంతా కష్టపడి సంపాదించిన తెలివి. అందులోంచి లెక్క తీసేసి, చాకిరీ తీసేసి, 'తోడు' అన్న ఒక్క మాట మిగుల్చుకుని రిబ్బను కట్టి అమ్ముతున్నారు. పురుగు పడితే కస్టమరుదే తప్పు, ప్రేమ చాల్లేదు.

గులాబీకి కావలసిందేమిటో ఆ గులాబీ రంగు కాగితంలో ఎక్కడా లేదు. రోజుకి 6 గంటల ఎండ. మీ బాల్కనీకి రెండు గంటలే వస్తుందంటే మీరు గులాబీ పెంచలేరు, అంతే. కానీ ఆ మాట చెప్తే కిట్టు ఎవరు కొంటారు? పూసిన కొమ్మ పూసినట్టు కోయాలి, వానలు వెళ్ళాక అక్టోబరులో కత్తెర పట్టుకుని కొమ్మల్ని నిర్దయగా కత్తిరించాలి. మాగిన పేడ ఎరువు వేయాలి. ఇది చెప్తే ఆదివారం పొద్దున మిద్దె మీద ఎవరుంటారు?

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క అడుగున ఉండే ఆ ఎర్రటి బంకమట్టి ముద్ద సంగతైనా చెప్పరు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. కడియం నుంచి లారీలో వచ్చే మొక్క దారిలో కదిలిపోకుండా వేళ్ళ చుట్టూ అద్దిన ముద్ద అది. ప్రయాణానికి పెట్టిన మూట. మనవాళ్ళు మూట విప్పకుండా అలాగే కుండీలో పాతేస్తారు. ఎండితే అది సున్నుండలా బిగుసుకుంటుంది, పోసిన నీళ్ళు దాని చుట్టూ తిరిగి కింది కన్నంలోంచి పోతాయి, లోపల వేరు దాహంతో చస్తుంది. తడిస్తే అదే బురద, వేరు ఊపిరాడక చస్తుంది. బక్కెట్టు నీళ్ళలో ఓ గంట ముంచి, ముద్ద నానాక వేళ్ళతో మెల్లగా విడదీస్తే సరిపోయేదానికి, పైన వెల్లుల్లి గుచ్చుతున్నారు. లోపల ఊపిరాడనిదానికి పైన స్నేహితులు!

ఆ మొక్క ఊరికే రాలేదు. నర్సరీలో ఒక అడవి జాతి కొమ్మని ముందు పాతి వేళ్ళు పట్టిస్తారు. దాని బెరడులో చాకు మొనతో చిన్న గాటు పెట్టి, మంచి రకం గులాబీ కన్నుని వొలిచి అందులోకి జొనిపి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి కడతారు. ఎండలో గొంతుక్కూర్చుని, మొక్క తర్వాత మొక్క. కన్ను అతుక్కుని చిగురేశాక పైనున్న అడవి కొమ్మని కోసేస్తారు. నెలల పని. ఆ చేతిపనిని సంక్రాంతికి పూలతో కొని మే నెలకి చంపేసి, 'నర్సరీవాడు మోసం చేశాడు' అనేవాళ్ళని మా బ్లాకులోనే ఏడుగుర్ని చూపిస్తాను. అయిదుగురు ఆదివారానికి పేరిచ్చారు.

మొన్న రాత్రి వదిన ఫోను. గొంతులో పండగ.

"ఏమ్మా, నువ్వు వెక్కిరించావు కానీ, నా గులాబీ మళ్ళీ లేచింది చూడు. వేసవిలో కొమ్మలన్నీ ఎండిపోయాయి కదా, వదిలేద్దామనుకున్నా. వినాయక చవితి వెళ్ళాక మళ్ళీ వెల్లుల్లి గుచ్చా. ఇప్పుడు మొదట్నుంచి ఒకటే పిలక, నా భుజం దాకా వచ్చింది!"

"పువ్వు పూసిందా వదినా?"

"పూస్తుందిలే, కంగారేముంది? ఆకులు కూడా మారాయి. సన్నగా, లేతగా, భలే ఉన్నాయి. ముల్లు కూడా తగ్గింది. వెల్లుల్లి మహిమ కాకపోతే ఏమిటి?"

"వదినా, కోప్పడకండి. ఆ పిలక కన్ను కట్టిన చోటికి పైనుంచి వచ్చిందా, కిందనుంచా?"

అవతల కాసేపు టీవీ చప్పుడు.

"ఏ కన్ను?" అంది.