బన్నింగ్స్ బావగారు

కారు తలుపులోంచి మా బావగారి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయంటే మెల్‌బోర్న్‌కి దసరా వచ్చినట్టు లెక్క. టార్నీట్‌లో వాళ్లింటి ముందు క్యామ్రీ ఎడమ తలుపు బార్లా తీసి ఉంటుంది. రెండు హవాయి చెప్పులు, ఎగగట్టిన లుంగీ, ఆ పైన మనిషి ఉండాల్సిన చోట డ్యాష్‌బోర్డు. దాని కింద నుంచి "ఏమోయ్, టార్చి ఇటు పట్టు" అని గొంతు.

విజయవాడలో ఉన్నప్పుడు ఈయన స్క్రూడ్రైవర్‌ని తేలుని చూసినట్టు చూసేవారు. ఆటోనగర్‌లో స్కూటర్ అప్పగించి, ఎదురుగా బడ్డీకొట్టులో టీ తాగుతూ, "ఆ కార్బురేటర్ కూడా ఓసారి చూడవయ్యా" అని దూరం నుంచే ఆజ్ఞ వేసేవారు. ఒక మెకానిక్కు, ఆయన కింద ఓ కుర్రాడు, ఆ కుర్రాడికి స్పానర్లందించే ఇంకో బుడ్డోడు, ఇంత పరివారం ఉండేది. ఇక్కడ మెకానిక్కూ ఆయనే, కుర్రాడూ ఆయనే. బుడ్డోడి ఉద్యోగం నాది. నాకు నలభై రెండేళ్లు.

2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేల పైచిలుకు తేలారు. నాలుగిళ్లకో బావగారు చొప్పున ఉంటారని నా సొంత లెక్క.

దీనంతటికీ మూలం ఒక బిల్లు అంటారాయన. ఎప్పుడో సర్వీసుకిచ్చిన చోట, ఏసీ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మార్చినందుకు 95 డాలర్లు వేశారట. ఆ కాగితం ఇంటికి తెచ్చి, రూపాయల్లోకి మార్చి, రెండ్రోజులు అన్నం సహించక, "ఇకమీదట ఈ బండిని పరాయివాడు ముట్టుకోకూడదు" అని శపథం పట్టారు. బండి మీద ప్రేమా ఉంది లెండి. ఆ క్యామ్రీ పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, ఆల్టోనాలో. 2017 అక్టోబర్ 3న ఆ ఫ్యాక్టరీ మూతపడింది. "పుట్టింటివాళ్లు లేని పిల్లోయ్, మనమే చూసుకోవాలి" అంటారు.

శనివారం పొద్దున్నే, ఇంటి మరమ్మతు సామాన్లమ్మే బన్నింగ్స్‌కి బయల్దేరతాం. ఫిల్టర్ కొనేది కారు సామాన్ల కొట్టులోనని ఆయనకీ తెలుసు. అయినా గర్భగుడికి ముందు ధ్వజస్తంభం ఉంటుంది కదా. వాకిట్లో ఏ స్కూలు కోసమో, క్రికెట్ క్లబ్బు కోసమో చందాలకని సాసేజీలు కాలుస్తుంటారు. శనివారం నీసు ముట్టరు కనక బావగారు బ్రెడ్డు ముక్కలో వేయించిన ఉల్లిపాయలు మాత్రమే పెట్టించుకుంటారు. ఉల్లిపాయ కింద పడి ఎవరైనా జారతారేమోనని, దాన్ని సాసేజీ కిందే పెట్టాలని 2018లో కంపెనీవాళ్లు సూచిస్తే దేశమంతా గగ్గోలెత్తింది. ప్రధానమంత్రిని కూడా పైనా కిందా అని అడిగారు. బావగారికి ఆ చిక్కే లేదు. పైనా ఉల్లిపాయే, కిందా ఉల్లిపాయే.

తలకి కట్టుకునే టార్చి, మోకాళ్ల కింద వేసుకునే మెత్త, చేతి తొడుగులు, అట్లకాడకి తమ్ముళ్లలా ఉండే ప్లాస్టిక్ పనిముట్లు కొన్నారు. 62 డాలర్లు. కారు కొట్టులో ఫిల్టర్ 28, లోపలి లైటుకి ఎల్‌ఈడీ బల్బు 12. ఆదా చేద్దామని బయల్దేరి ఏడు డాలర్లు ఎదురిచ్చామని గుర్తు చేశాను. "పనిముట్లు పెట్టుబడోయ్, ఖర్చు కాదు" అన్నారు. పోయినేడు టార్చి కూడా పెట్టుబడే. అది అటకమీద ఉంది.

ఆయుధ పూజనాడు వాటికన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి, కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పని మొదలెట్టారు. గురువు ఫోన్లో ఉన్నాడు, అమెరికావాడు. వాళ్ల స్టీరింగు ఎడమ పక్క, ఇక్కడ మన దేశంలోలాగే కుడి పక్క. అతను కుడి అన్నప్పుడల్లా మనం ఎడమ అనుకోవాలి. ఈ మర్మం తెలియక మొదటి ఏడాది బావగారు బ్రేకు పెడల్ వెనకాల అరగంట ఫిల్టర్ వెతికారు.

ముందు గ్లవ్ బాక్స్ ఖాళీ చెయ్యాలి. అక్క మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేనొక్కోటీ తీసి పేపరు మీద పెడుతున్నాను: విభూతి పొట్లం, తిరుపతి లడ్డూ కవరు, ఒంటి సాక్సు, ప్లాస్టిక్ తొడుగైనా తియ్యని కారు మాన్యువల్, నాలుగు మడతలు పెట్టిన ఒక ఉత్తరం. ఉత్తరం అక్క అందుకుంది. స్పీడ్ కెమెరా జరిమానా.

"ఏవండీ, ఆ వేళ ఆఫీసులో మీటింగన్నారు. జీలాంగ్ రోడ్డు మీద ఏం చేస్తున్నారు?"

డ్యాష్‌బోర్డు కింద చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి, "నిచ్చెన చవగ్గా వస్తోందంటేనూ..." అని వినబడింది. రెండు కాళ్లూ ఇంకో జానెడు లోపలికి వెళ్లాయి.

అసలు పని అయిదు నిమిషాలు. గ్లవ్ బాక్స్ పక్కనున్న సన్నటి పుల్ల తప్పించి రెండు బుగ్గలూ లోపలికి నొక్కితే, అది దవడ జారినట్టు వేలాడుతుంది. వెనక చిన్న మూత. అది తీస్తే ఫిల్టర్ సొరుగులా వచ్చేస్తుంది. తెల్లగా వెళ్లింది చుంచెలుక రంగులో వచ్చింది. మడతల్లో దుమ్ము, గడ్డి నూగు, రెండు జామాయిల్ ఆకులు. ఖమ్మం పక్క కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్‌కి సొంత దేశం ఇదే. అక్కడ మనం దాన్ని నరుకుతాం, ఇక్కడ అది వచ్చి మన కార్లో పడుకుంటుంది.

పాతదాన్ని పారెయ్యరు. సాయంత్రం పేరంటాళ్లకి అక్క లోపల బొమ్మల కొలువు చూపిస్తుంటే, బయట బావగారు మగవాళ్లకి ఫిల్టర్ చూపిస్తారు. "మీది మార్చి ఎన్నాళ్లయింది?" అని నిలదీస్తారు. అలాంటిదొకటి కార్లో ఉందనే సగం మందికి తెలీదు. తాంబూలాలు అందేలోపు వీధిలో నాలుగు కార్ల దవడలు వేలాడుతుంటాయి.

బిల్లు కథ అక్క ఒప్పుకోదు. 2016 నవంబర్ 21 అంటుంది. ఆ రోజు ఎండ మండిపోయి, సాయంత్రం ఉరుముల గాలివాన వచ్చింది. పచ్చిక బయళ్ల రైగ్రాస్ పుప్పొడి తేమకి పగిలి నలుసులై నగరం మీద పడింది. ఊపిరందక వేలమంది ఆసుపత్రులకి పరుగెత్తారు, పదిమంది పోయారు. అంతకుముందు ఏనాడూ ఆయాసమెరగని అక్క ఈ ముందు సీట్లోనే, డ్యాష్‌బోర్డు పట్టుకుని, వంగి కూర్చుంది. అద్దాలన్నీ మూసి ఏసీ గాలి ఆమె మొహం మీదికి తిప్పి బావగారు నడిపారు. మర్నాడు ఆమె తేరుకున్నాక ఆయన అడిగిన మొదటి మాట, "ఆ గాలి దేన్లోంచి వస్తుంది?" అని. ఇక్కడ పుప్పొడి కాలం అక్టోబర్‌లో మొదలు. అంత సన్నటి నలుసుల్ని ఆ మడతల కాగితం ఎంతవరకు ఆపగలదని నేను ఆయన్నెప్పుడూ అడగలేదు.

బల్బు మాత్రం రాత్రిదాకా తేలలేదు. బీడీ ముక్కంత గొట్టం, రెండు కొసలా లోహపు టోపీలు. పెట్టారు, వెలగలేదు. ఫ్యూజు చూశారు, బ్యాటరీని అనుమానించారు, కొట్టువాణ్ణి తిట్టారు. పదకొండేళ్ల మా మేనల్లుడు వచ్చి, దాన్ని ఊడదీసి, తలా తోకా మార్చి పెట్టాడు. కారంతా ఆపరేషన్ థియేటరైపోయింది. ఎల్‌ఈడీకి ప్లస్సు మైనస్సుల పట్టింపు ఉంటుందట. "నేనూ అదే అనబోతున్నాను" అన్నారు బావగారు.

"అన్నం చల్లారిపోతోంది, రండి" అని అక్క మూడోసారి పిలిచింది.

"ఒక్క నిమిషం. తలుపేస్తే ఆరుతోందో లేదో చూడొద్దూ?" అని నన్ను లోపల కూర్చోబెట్టి తలుపేశారు. పదిహేను సెకన్లు నా మోకాళ్ల మీద తెల్లగా వెలిగి, మెల్లగా సన్నగిల్లి, ఆరిపోయింది. అద్దానికి ముక్కు ఆనించి, తల మీద టార్చితో బావగారు.

"ఆరిందా?"

"ఆరింది బావగారూ."

"సరిగ్గా చూశావా?"