జానర్ తప్పిన ఊరు

రాయదుర్గం మీద ఒక అభియోగం ఉంది. రాయలసీమలో ఉంటూ రాయలసీమ సినిమాల నియమాలు పాటించడం లేదట. విచారణ కోసం ఫిల్మ్‌నగర్ నుంచి ఒక తనిఖీ అధికారి బయల్దేరినాడు. ఈయన ఉద్యోగం ఏ గెజిట్‌లోనూ కనపడదు. అయినా ఏ సీమ ఊరు తెరకెక్కాలన్నా ఈయన సంతకం పడాల్సిందే.

పాపం, మొదటిరోజు హైదరాబాద్ మెట్రో ఎక్కి రాయదుర్గం స్టేషన్‌లో దిగినాడు. చుట్టూ అద్దాల మేడలు, మెళ్లో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు. ఎవరిది ఏ వర్గమో కార్డు చూసి చెప్పేయొచ్చు. ఫ్యాక్షన్ ఇంత క్రమశిక్షణగా ఎప్పుడు తయారైందా అని ముచ్చటపడి నాలుగు పేజీలు రాసుకున్నాడు. తాను పోవాల్సింది అనంతపురం జిల్లాలో, కర్ణాటక అంచున, బళ్లారికి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయదుర్గమని సాయంత్రానికిగాని తెలియలేదు.

ఆయన సంచిలో నిబంధనల పుస్తకం ఉంది. 1997లో జయంత్ సి. పరాన్జీ ‘ప్రేమించుకుందాం రా’ తీసినప్పుడు అందులో ఒకటో రెండో పేజీలు. ప్రేమకథ ముందర, ఫ్యాక్షన్ వెనక. 1999 సంక్రాంతికి బి. గోపాల్ ‘సమరసింహారెడ్డి’తో వెనకదాన్ని ముందుకు లాగినాడు. ఇక ఆగింది లేదు. 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’, 2003 సంక్రాంతికి ‘ఒక్కడు’. ఇక్కడ వేరుశనగ పండినా ఎండినా, పండగ నాటికి హైదరాబాదులో సీమ పగ మాత్రం పుట్లకొద్దీ దిగుబడి ఇచ్చేది. విత్తనం మాది, రాబడి వాళ్లది. బీమా అక్కరలేని పంట సీమలో అదొక్కటే.

పుస్తకంలో రాసిన ప్రకారం హీరో మొదట సీమకు దూరంగా, నోట్లో నాలుక లేనట్టు, ఏదో ఒక చిన్న పని చేస్తూ ఉండాలి. ‘సమరసింహారెడ్డి’లో హోటల్లో పనివాడు, ‘నరసింహనాయుడు’లో డాన్సు మాస్టారు, ‘ఇంద్ర’లో కాశీలో టాక్సీ డ్రైవరు. సగం సినిమా అయినాక పాతకాలపు మనిషి ఒకడు గుర్తుపట్టి కాళ్లమీద పడతాడు. అప్పుడు ఫ్లాష్‌బ్యాక్, తెల్లబట్టలు, తొడ చప్పుడు. ఈ లెక్కన బెంగళూరులో మేస్త్రీ పనికి పోయిన అనంతపురం జిల్లా వాళ్లందరూ ఇంటర్వెల్ కోసం కాచుకున్న హీరోలే. ఎంత కాలమైనా వాళ్లకు ఇంటర్వెల్ పడటం లేదు, అంతే.

అధికారి బస్టాండులో దిగి ముందు బండ్లు లెక్కబెట్టినాడు. ఆటోలున్నాయి, బళ్లారి బస్సుంది, కల్యాణదుర్గం బస్సుంది. సుమోలు లేవు. టాటా కంపెనీ 1994లో మొదలుపెట్టిన ఆ బండిని 2019లో తయారు చేయడం మానేసిందని ఎవరో చెప్పబోతే ఆయన వినిపించుకోలేదు. కంపెనీ మానుకుంటే మానుకోనీ, నియమం మానుకోలేదు కదా. వరసగా పది సుమోలు దుమ్ము రేపుకుంటూ రాకపోతే ఊరికి ఎవరో వస్తున్నారని ప్రేక్షకుడికి తెలిసేదెట్ల? ‘మొదటి ఉల్లంఘన’ అని రాసుకున్నాడు.

తర్వాత తెల్ల పంచెల కోసం వెతికినాడు. ఒక వీధిలో కుట్టుమిషన్ల మోత వినిపిస్తే లోపలికి తొంగి చూసినాడు. రాయదుర్గంలో రెడీమేడ్ బట్టల పని పెద్దది, అందులోనూ జీన్స్. నీలం గుడ్డ గుట్టలుగా పడి ఉంది. ఆడామగా వంచిన తల ఎత్తకుండా కుడుతున్నారు. పీసుకింత అని కూలి. తల ఎత్తితే ఆ మేరకు డబ్బు తగ్గుతుంది.

“ఇక్కడ పంచెలు కుట్టరా?” అని అడిగినాడు.

మిషన్ మీదున్నాయన దారం కొరికి, “పంచె కుట్టేదేముంటాది సార్? అట్లనే కట్టుకుంటారు గదా” అన్నాడు. “మేము కుట్టేది ప్యాంట్లు. ఎన్ని పీసులు కావల్ల?”

సీమలో మగవాడు పంచె కట్టాలి, జీన్స్ వేసుకున్నవాడు హైదరాబాదు నుంచి వచ్చి సీమ పిల్లను తీసుకుపోవాలి. ఇది పుస్తకంలో పెద్ద అక్షరాల్లో ఉన్న నియమం. సీమవాడే జీన్స్ కుట్టి హైదరాబాదుకు పంపితే కథ ఎట్ల నడుస్తుంది? అధికారి ఈసారి ఎర్రసిరాతో రాసుకున్నాడు.

కోట దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. విజయనగర రాజుల కాలం నాటి కోట ఊరి నెత్తిన, కొండమీద అట్లనే ఉంది. గోడలు, దిడ్డిలు, గుళ్లు, అన్నీ ఉన్నాయి. అధికారి కిందనుంచే చూసి తల అడ్డంగా ఊపినాడు. సీమ అంటే కర్నూలు, కర్నూలు అంటే కొండారెడ్డి బురుజు, అది 2003లో ‘ఒక్కడు’తో ఖరారైపోయింది. అక్కడ మహేష్‌బాబు ప్రకాశ్‌రాజ్‌ను కొట్టినప్పటినుంచి ప్రేక్షకుడికి ఆ బురుజు కనపడితేనే సీమలో కాలుపెట్టినట్టు. నూటయాభై కిలోమీటర్ల పైన ఇవతల ఇంకో కోట ఉందంటే సినిమా భూగోళం ఒప్పుకోదు.

మాట సంగతి చెప్పనే అక్కరలేదు. ఇక్కడ బజారులో ఒక వాక్యం తెలుగులో మొదలై కన్నడంలో ముగుస్తుంది, బేరం రెండింటిలోనూ సాగుతుంది. పుస్తకంలోనేమో సీమ మాటంటే గొంతు పెంచి చివర ‘రా’ తగిలించేది. నిజానికి ఈ నియమం ఒకప్పుడు నియమాన్ని తప్పడం వల్లనే పుట్టింది. అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్లలో పుట్టిన జయప్రకాశ్‌రెడ్డి, లెక్కల పంతులుగా పనిచేసిన మనిషి, ‘ప్రేమించుకుందాం రా’లోనూ ‘సమరసింహారెడ్డి’లోనూ తన ఊరి యాసను తెరమీదికి పట్టుకొచ్చినాడు. అప్పటిదాకా సీమ విలన్ కూడా కృష్ణా జిల్లా పెద్దమనిషిలాగే తిట్టేవాడు. ఆయన గొంతులో బెదిరింపు ఉంది, కానీ దాని కింద వెటకారం, దానికింద ఇంకేదో సొంత ఇంటి చనువు. తర్వాత వచ్చినవాళ్లు బెదిరింపును మాత్రం తీసుకుని మిగతావి వదిలేసినారు. తెలుగు సినిమాలో ఒకడు తెగించి చేసిన పని రెండో ఏటికల్లా అందరికీ డ్యూటీ అయిపోతుంది.

నవ్వులాట ఇక్కడ కొంచెంసేపు ఆపాలి. ఫ్యాక్షన్ కల్పన కాదు, ఈ జిల్లా దాని నెత్తురు చూసింది. 1997 నవంబరు 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ‘శ్రీరాములయ్య’ అనే సినిమా ప్రారంభోత్సవం జరిగింది. ఈ జిల్లా రాజకీయ నాయకుడు పరిటాల రవి తండ్రి శ్రీరాములు మీద తీయబోయే సినిమా. అక్కడినుంచి రవి బయటికొచ్చినప్పుడు కారుబాంబు పేలింది. ఆయన బతికినాడు, ఇరవైమందికి పైగా పోయినారు. వార్త తీయడానికి వచ్చిన టీవీ కెమెరా సిబ్బంది కూడా అందులో ఉన్నారు. ఎవరూ తొడ కొట్టలేదు, ఎవరూ డైలాగు చెప్పలేదు, స్లోమోషన్‌లో నడిచి వచ్చినవాడు లేడు. మీట నొక్కినవాడు ఎవరికీ కనపడలేదు. ఫ్యాక్షన్ ఎట్ల ఉంటుందో సినిమా పరిశ్రమ నడివీధిలో కళ్లారా చూసింది. ఏడాదిన్నర తిరగకముందే అదే పరిశ్రమ ఎంచుకున్న జానర్‌లో బాంబు విలన్ మనుషులకు తగలాలే గాని కెమెరామన్‌కు తగలదు. రవి 2005 జనవరిలో అనంతపురంలో హత్యకు గురైనాడు. ఈ పగ మీదనే రామ్‌గోపాల్‌వర్మ 2010లో ‘రక్తచరిత్ర’ రెండు భాగాలు తీసినాడు. రెండోది డిసెంబరులో వచ్చింది. మరుసటి నెలలోనే, అందులో సూర్య వేసిన పాత్రకు మూలమైన, రవి ప్రత్యర్థి మద్దెలచెర్వు సూరిని హైదరాబాదులో కాల్చి చంపినారు. ఆ సినిమాలో హీరో ఎవరు, విలన్ ఎవరు అని తేల్చుకోలేక ప్రేక్షకుడు ఇబ్బంది పడినాడు. నియమం తప్పిన సినిమా అని అప్పుడే నాకు కొంచెం గౌరవం కలిగింది, నెత్తురు చూపించడంలో వర్మకున్న మక్కువ ఆ గౌరవాన్ని సగానికి తగ్గించినా.

నియమం తప్పినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ఫైళ్లు కూడా అధికారి సంచిలోనే ఉన్నాయి. అన్నిటికన్నా గడుసుగా తప్పినాయన రాజమౌళి. 2010 నాటి ‘మర్యాద రామన్న’లో హీరో సునీల్. తొడ కొట్టడు, కొట్టినా వినపడదు. విలన్‌కు ఒక కట్టుబాటు: గడప లోపల అతిథి నెత్తురు చిందకూడదు. హీరో గడప దాటడు, అంతే కథ. జానర్‌లో సీమ మర్యాద గురించి ఉన్న మాటనే అక్షరాలా పట్టుకుని జానర్‌ను తలకిందులు చేసినాడు. మూలం 1923లో బస్టర్ కీటన్ తీసిన మూగసినిమా ‘అవర్ హాస్పిటాలిటీ’. అమెరికా కొండప్రాంతాల్లో రెండు కుటుంబాల పగ గురించి అది. అంటే పగ విషయంలో మేము ప్రపంచానికి గురువులమేమీ కాదు. ఇందులో ఇంకో విశేషముంది. ‘సమరసింహారెడ్డి’ కథ రాసింది విజయేంద్రప్రసాద్. నాన్న కట్టిన కోటకు కొడుకు కిటికీలు పెట్టినాడు.

2018లో త్రివిక్రమ్ ‘అరవింద సమేత’ తీసినాడు. కత్తి పట్టడం కాదు, పట్టకుండా ఉండటమే మగతనం అని చెప్పాలని సంకల్పం. మంచిదే. పగ బరువు మోసేది ఆడవాళ్లని గుర్తుపెట్టుకుని వాళ్ల వైపు కథను తిప్పినాడు, అది ఇంకా మంచిది. అయితే ఈ శాంతి సందేశం మొదలుకావడానికి ముందు తెరమీద ఎన్ని తలలు తెగాలో అన్నీ తెగినాయి. తలలు తెగందే టికెట్లు తెగవని నిర్మాతకు తెలుసు. అధికారి ఆ ఫైలు మీద ‘ఉల్లంఘన లేదు, ఉద్దేశం మాత్రమే’ అని రాసి వదిలేసినాడు. 2023 సంక్రాంతికి ‘వీరసింహారెడ్డి’ రానే వచ్చింది. ఈసారి హీరో సీమనుంచి ఇస్తాంబుల్ దాకా పోయినాడు, పగ మాత్రం పాత చిరునామాలోనే ఉంది.

అధికారికి అన్నిటికన్నా మండింది ‘సినిమా బండి’ మీద. 2021లో ప్రవీణ్ కండ్రేగుల తీసినాడు. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దులో గొల్లపల్లి అనే ఊరు, ఒక ఆటో డ్రైవరు, ఆయనకు దొరికిన ఒక కెమెరా. ఊరంతా కలిసి సినిమా తీయబోతారు. సుమో లేదు, ఆటోనే. పగ లేదు, ఫోకస్ కుదరడం లేదనే బాధ ఉంది. ఊళ్లో మంగలి షాపుంది, కూరగాయలు అమ్మే అమ్మాయి ఉంది, చలాకీ మాటలున్నాయి. ఫ్యాక్షన్‌ను ఖండించను కూడా లేదు, ఆ మాటే ఎత్తలేదు. ఇంత పెద్ద నేరం ఇంకోటి ఉంటుందా? అది థియేటరుకు రాకుండా నేరుగా నెట్‌ఫ్లిక్స్‌కు పోయింది కాబట్టి సరిపోయింది.

అసలు ఈ గడ్డకు సినిమా వాళ్లతో చుట్టరికం ఇట్లా మొదలుకాలేదు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి మా జిల్లా తాడిపత్రిలో పుట్టినాడు. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు పులివెందుల ప్రాంతం వాళ్లు. ఆ కాలంలో సీమవాళ్లు సినిమా తీసేవాళ్లు, ఇప్పుడు సినిమాలో చచ్చేవాళ్లు. బి.ఎన్. 1951లో తీసిన ‘మల్లీశ్వరి’ రాయలవారి కాలం కథ. వాన పడుతుంది, బావామరదళ్లు తల దాచుకుంటారు, మారువేషంలో రాజు వస్తాడు, అక్కడ కథ మలుపు తిరుగుతుంది. వాన రావడం వల్ల కథ నడిచిన సీమ సినిమా అదొక్కటే అయి ఉంటుంది. వాన రాకపోవడం వల్ల నడిచే కథలు సింగమనేని నారాయణ రాసినాడు, బండి నారాయణస్వామి రాసినాడు. నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. అవార్డు వచ్చిన పుస్తకాలు ఫిల్మ్‌నగర్‌కు పోవాలంటే సుమో దొరకదేమో.

తనిఖీ చివరిరోజు అధికారిని హగరి ఏటి ఒడ్డుకు తీసుకుపోయినారు. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు ఇసుకదిబ్బలు గాలికి కదిలి పొలాల మీదికి వస్తుంటాయి. ఏడాదంతా కలిపి అయిదొందల యాభై మిల్లీమీటర్ల వాన పడితే సగటు పడినట్టే లెక్కపెట్టే జిల్లా ఇది. ఆయన ఆ దిబ్బలు చూసి మొదటిసారి సంతోషపడినాడు. “రాజస్థాన్ ఖర్చు తప్పింది. డ్యూయెట్ ఇక్కడే తీసేయొచ్చు” అన్నాడు. కింద పూడిపోయింది చేను అని చెబితే, హీరోయిన్ చీర కొంగు ఎగరడానికి చేను కన్నా దిబ్బే బాగుంటుందన్నాడు.

తిరిగి వస్తూ ఒక ఊళ్లో రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దాయన్ను పట్టుకున్నాడు.

“ఇక్కడ విలన్ ఎవరూ లేరా పెద్దాయనా?”

“ఎందుకు లేడు సామీ, ఉండాడు. జూన్‌లో వస్తానంటాడు, రాడు. కాయ పెరికి ఆరబెట్టినామా, పిలవకనే వస్తాడు.”

“పేరు?”

“వాన.”

అధికారి కాసేపు ఆలోచించినాడు. “డేట్లు ఇస్తాడా?”

“ఇస్తాడు. రేడియోలో గూడా చెప్తారు. షూటింగుకే రాడు.”

“అడ్వాన్సు ఇచ్చి చూసినారా?”

“ఏటేటా ఇస్తానే ఉండాం. ఇత్తనం, ఎరువు, సేద్యం. ఒగ రూపాయి తిరిగియ్యలా.”

“అయితే ఆర్టిస్టును మార్చండి.”

“బోరును పెట్టుకుంటిమి సామీ. వెయ్యడుగులు లోపలికి పోయి ఆయప్ప ఇంటర్వెల్‌కే సచ్చిపాయ.”

అధికారి రిపోర్టు రాసినాడు. విలన్ ఉన్నాడు గాని తొడ కొట్టి పిలిచినా ఎదురుకు రాడు కనుక ఫైటుకు పనికిరాడు, కథ తిరస్కరించడమైనది. ఊరికి మాత్రం ఒక అవకాశం ఇవ్వవచ్చు. సుమోలు, పంచెలు హైదరాబాదు నుంచి పంపుతాం. క్లైమాక్స్ వానలో తీయాలి కాబట్టి, ఆ ఎఫెక్టుకు పది ట్యాంకర్ల నీళ్లు స్థానికులు సమకూర్చుకోవాలి.

ఆయన బిగ్గరగా చదువుతుంటే పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. “సామీ, ట్యాంకర్లు నిజంగా వస్తాయా?” అని అడిగినాడు. “ఏ పొద్దుకు వస్తాయో చెప్తే బిందెలు పెట్టిస్తా.”