నిలువుకాళ్ళ కొలువు

దుకాణములో అమ్మువాడెవడు, కొనువాడెవడు అను సంశయము మా తాతగారి కాలమున పుట్టుటకే అవకాశము లేదు. ఆనాటి బట్టలకొట్టులో అమ్మువాడు తెల్లని పరుపుమీద బాలీసునకు ఒరిగి, గజముబద్దను రాజదండమువలె ఒడిలో నుంచుకొని కూర్చుండెడివాడు. కొనువాడు చెప్పులు గుమ్మము బయట విడిచి, ఆ పరుపు అంచుననే కొంచెము ముడుచుకొని కూర్చుండెడివాడు. ఒకరు తాను విప్పువారు, ఒకరు పెదవి విఱుచువారు. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి గజమును గద్దె దింపి మీటరునకు పట్టము కట్టినప్పుడు బద్ద పొడవు మాఱెనే గాని, బద్ద పట్టినవాడే వర్తకుడను న్యాయమునకు భంగము కలుగలేదు.

ఆ న్యాయమునకు మూలచ్ఛేదము మన దేశమున గాక అమెరికాలో జరిగినది. 1916లో మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అను కిరాణా వర్తకుడు, సరుకునకును కొనువానికిని నడుమ గుమాస్తా యెందులకు, బుట్ట చేతికిచ్చి లోపలికి తోలినచో వారికి కావలసినవి వారే ఏరుకొందురు కదా యని యోచించి, పిగ్లీ విగ్లీ అను విచిత్రమైన పేరుతో ఒక కొట్టు తెఱచెను. గుమాస్తాల జీతము మిగిలినది సాండర్సునకు. గుమాస్తాల పని సంక్రమించినది మనకు. అరలో నుండి తీయువారము మనమే, బుట్ట మోయువారము మనమే, కన్నులు చికిలించి ధర చదువుకొనువారము మనమే. అట్లు అరల నడుమ బుట్ట పట్టుకొని దిక్కులు చూచుచు నిలుచున్న మనలను ఎవరైన "కందిపప్పు ఎక్కడుంది బాబూ?" అని అడిగినచో, దోషము ఆ అడిగినవారిది కాదు, సాండర్సుది.

చీరల దుకాణములు మాత్రము ఈ అమెరికా మర్యాదకు నేటికిని పూర్తిగా లొంగలేదు. చీరను ఎవరో ఒకరు విప్పి, కుచ్చిళ్ళు పోసి, పమిట భుజముమీద వేసి చూపవలసినదే. కాని పరుపులు చాలచోట్ల పోయి కౌంటర్లు వచ్చినవి; కౌంటర్లతోపాటు అమ్మువారికి కూర్చుండు యోగము పోయినది. ఉదయము తాళము తీసినది మొదలు రాత్రి షట్టరు దించువఱకు వారు నిలువుకాళ్ళమీద నుండవలసిన దురవస్థను సహింపలేక కేరళలో వస్త్రదుకాణముల స్త్రీలు ఉద్యమము చేయగా, వారు కూర్చుండవచ్చునని 2018లో ఆ రాష్ట్రము చట్టమును సవరించెను. 2021లో తమిళనాడును ఆ దారి పట్టెను. మనిషి కూర్చుండుటకు శాసనసభ అనుమతి కావలసి వచ్చుట వింతయే యైనను, అది కేవలము నవ్వి విడువదగిన సంగతి కాదు. నా ఫిర్యాదు వేఱు. వస్త్రాపణములలో గంటలకొలది నిలుచుండు మనుష్యులలో జీతము పుచ్చుకొని నిలుచుండువారు ఒక తెగ. భార్యల వెంట వచ్చి నిలుచుండువారు మఱియొక తెగ. ఈ రెండవ తెగవారినిగూర్చి ఆ చట్టములలో ఒక్క సెక్షనైనను లేదు.

ఇరు తెగలవారికిని పోలికలు అపారములు. ఇరువురును చేతులు కట్టుకొని నిలుచుందురు. ఇరువురును చీర చూచి "బాగుంది" అందురు. ఆ మాట నెవరును లెక్కచేయరు. ఇరువురికిని భోజనపువేళ దాటుచుండును. భేద మొక్కటే: మొదటివారికి నెలాఖరున డబ్బు వచ్చును, రెండవవారికి పోవును. ఈ భేదము ముఖముమీద వ్రాసియుండదు కనుకనే చిక్కు.

ఆషాఢమాసమున ముహూర్తము లుండవు. ముహూర్తములు లేనిచో పట్టుచీరలు కదలవు. కదలని చీరలను కదలించుటకు వర్తకులు తగ్గింపు అను మంత్రమును కనిపెట్టిరి. ఆ మంత్రము గుంటూరున నున్న మా గృహిణి చెవిని సోకగా, మేము బస్సెక్కి విజయవాడ వచ్చి, బీసెంటు రోడ్డు జనసమ్మర్దములో ఒండొరుల చేయి విడువక ఈదుకొనుచు ఒక పెద్ద దుకాణము చేరితిమి. నాడు నేను ధరించినది లేత నీలిరంగు చొక్కాయు, ముదురు నీలిరంగు పంట్లామును. ఆ దుకాణపు యాజమాన్యము తన సిబ్బందికి విధించిన వేషమును అదియే యని లోపల అడుగిడిన పిమ్మటగాని తెలియలేదు. మెడనుండి నా కళ్ళజోడు నల్లని త్రాటితో వ్రేలాడుచుండెను. సిబ్బంది మెడలనుండి గుర్తింపు కార్డులు అట్టి త్రాళ్ళతోనే వ్రేలాడుచుండెను. ఇంక నొక్క కొఱత యుండగా దానిని మా గృహిణి తీర్చినది. ఏరి పెట్టిన చీరలను నా ముంజేతిమీద వరుసగా ఆరవేసి, "ఇవి పట్టుకుని ఇక్కడే ఉండండి, ఎవరికీ ఇవ్వకండి" అని యాజ్ఞాపించి, తాను గద్వాల చీరల వైపు అంతర్ధానమయ్యెను.

అరనిమిషము గడచెనో లేదో, జబ్బకు చేతిసంచి తగిలించుకొనిన యొక పెద్దావిడ నా యెదుట నిలిచి, "బాబూ, ఈ అంచులోనే చిలకపచ్చ చూపించు" అనెను.

నేను ఇక్కడ పని చేయువాడను కానని సవినయముగా మనవి చేసికొంటిని.

"అయితే చేసేవాణ్ణి పిలు" అనెను.

ఇదియును ఆజ్ఞయే కదా. పిలువబోతిని. ఆ పనివాడు ఒక పెండ్లివారి గుంపు నడుమ చీరల గుట్టలో మోకాలిలోతున మునిగి యుండి, తల యెత్తకయే, "రెండో అరలో ఉంది, అందించెయ్ అన్నా" అని కేకవేసెను. కొనువారు నన్ను అమ్మువాడనిరి, అమ్మువారును అమ్మువాడనిరి. ఉభయపక్షములును ఏకగ్రీవముగా ఎన్నుకొనిన పదవిని త్రోసిపుచ్చుటకు నేనెవడను? రెండవ అరలోని చిలకపచ్చ చీర తీసి ఆమె చేతిలో పెట్టితిని.

ఆమె దానిని వ్రేళ్ళతో నలిపి, వెలుతురునకు పట్టి చూచి, "అసలు పట్టేనా ఇది?" అని యడిగెను. నిజమైన ఉద్యోగి యైనచో "అక్షరాలా పట్టేనమ్మా, కళ్ళు మూసుకుని తీసుకోండి" అని యుండును. ఆ శిక్షణ నాకు లేదు గనుక ఉన్నమాట చెప్పితిని: 2004 నుండి సిల్కుమార్కు అను ముద్ర యొకటి యున్నది, ఆ చీటీ ఉన్నదేమో చూడుడు, లేనిచో ఇంటికి పోయి పోగొకటి లాగి కాల్చుడు, వెండ్రుకలు కాలిన కంపు వచ్చి, బూడిద వ్రేళ్ళ నడుమ పొడియైనచో పట్టు, నల్లని పూసవలె ముద్దకట్టినచో కాదు. చీటీ వెదకితిమి. లేదు. "నాకైతే అనుమానంగానే ఉందండీ" అంటిని.

ఆమె నావంక చూచిన చూపు నా జన్మలో ఏ పరీక్షాధికారియు నావంక చూచి యుండలేదు. "ఇన్ని కొట్లు తిరిగాను, అమ్మేవాడే అనుమానమన్న కొట్టు ఇదొక్కటే" అని ప్రక్కనున్న మఱియొక యామెతో బిగ్గరగా అనెను. ఆ యొక్క వాక్యముతో నా కౌంటరునకు, అనగా నేను నిలుచున్న చోటునకు, జనాకర్షణ కలిగినది. ఒకతె పోచంపల్లి చీర తెచ్చి చూపగా తిరగవేసి చూడుమంటిని. నూలునకు ముందుగనే ముడులు వేసి, రంగు లద్ది, ఆపైన నేయుదురు గనుక అసలు ఇక్కత్తులో బొమ్మ రెండు వైపులను ఒక్కటిగనే యుండును, అచ్చు వేసినదానిలో వెనుక వైపు వెలవెలబోవును. తిరగవేయగా వెలవెలబోయినది. మఱియొకతె గద్వాల చీర నెత్తి చూపి, ఒళ్ళు నూలుగా నుండి అంచును కొంగును పట్టుగా నున్నవేమి, ఇది మోసమా యని యడుగగా, అది మోసము గాదు, ఆ చీర గొప్పదనమే అది యని, ఒంటికిని అంచునకును జరిగిన ఆ కలనేత అతుకును వ్రేలితో తడిమి చూపితిని.

ఈ విద్య నాకు గురుముఖముగా రాలేదు. ఏండ్ల తరబడి భార్య వెనుక నిలుచుండుటచే, ముందర జరుగు సంవాదములు చెవినిబడి నిలిచిపోయినవి. ఇంటిలో ఈ పాండిత్యమునకు విలువ పూజ్యము. చీర విషయమున నేను నోరు తెఱచినచో, "మీకేం తెలుస్తుంది, ఊరుకోండి" అను మాట నా వాక్యము పూర్తికాకమునుపే వచ్చును. ఇక్కడనో, నేను "వద్దు" అన్నది వద్దు, "తీసుకోండి" అన్నది ప్యాకింగు బల్లమీదికి! నా మాటకు లోబడిన స్త్రీజనమును జీవితమున తొలిసారి చూచుచుంటిని గనుక, మా గృహిణి గద్వాల చీరల నడుమ మఱికొంతసేపు చిక్కుకొనియుండుగాక యని మనసులో కోరుకొనిన మాట దాచను.

ఈ సమ్మర్దమును దూరమునుండి గమనించి, టై కట్టుకొనిన యొక యువకుడు వచ్చెను. అంతస్తునకు అధికారి కాబోలు. కొంతసేపు నా ప్రక్కన నిలిచి విని, గొంతు తగ్గించి, "ఎక్కడ నుంచి వచ్చారండీ మీరు?" అని యడిగెను.

"గుంటూరు నుంచి" అంటిని. సత్యమే కదా.

"అదీ! ఆషాఢం రష్షుకి గుంటూరు బ్రాంచి నుంచి మనుషుల్ని పంపిస్తామన్నారు, ఇప్పుడా పంపేది?" అని సంతోషించి, నేను పెదవి విప్పులోపల, "మీకు టీ పంపిస్తా, మీరు కానివ్వండి" అని తరలిపోయెను.

ఇంతలో చిలకపచ్చ పెద్దావిడ, కోడలికని వంగపండు రంగు చీర యొకటి ఎత్తుకొని వచ్చెను. ఆమెకు నాయందు అప్పటికి గురుభావము కుదిరినది. నేను చెప్పిన రెండు చీరలను అప్పటికే ప్రక్కన పెట్టించి యుండెను. నేను ఆ వంగపండు చీర జరీని గోటితో గీకి చూచితిని. అసలు జరీలో లోపలి పట్టుపోగు ఎఱ్ఱగా అగుపడవలెను. ఇందులో తెల్లగా నున్నది. "రంగు మొరటుగా ఉంది, జరీ కూడా కాదండీ. ఊరకే ఇచ్చినా వద్దు" అని తీర్పు చెప్పితిని. ఆమె దానిని కౌంటరుమీద విసరివైచెను.

విసరివేయబడిన యా చీరను ఒక చేయి అందుకొనినది. ఆ చేతి గాజులను నేను గుర్తుపట్టితిని.

"ఏమండీ, ఇదెలా ఉంది?" అని మా గృహిణి దానిని భుజముమీద వేసికొని అద్దమువైపు తిరిగెను.

ఈ ప్రశ్నకు గృహస్థధర్మమున ఒక్కటే సమాధానము కలదు. అది ఆలోచించి చెప్పునది కాదు, తుమ్మువలె దానంతట వచ్చునది. "బ్రహ్మాండంగా ఉంది" అంటిని.

చిలకపచ్చ పెద్దావిడ నడుమున చేతులు పెట్టుకొనెను. "ఇదేంటయ్యా! నాకు ఊరకే ఇచ్చినా వద్దన్నావు, ఆవిడకి బ్రహ్మాండంగా ఉందంటున్నావు? మనిషిని బట్టి మాట మారుస్తావా?"

"ఆయన్నంటారేంటండీ? ఆయన మా ఆయన" అని మా గృహిణి అద్దములోనుండియే పలికెను.

పెద్దావిడ నన్ను పాదములనుండి శిరస్సువఱకు, కళ్ళజోటి త్రాడు కడ నొక్క క్షణము నిలిచి, మరల పాదములవఱకు చూచెను. పిమ్మట నేను చెప్పగా తీసికొనిన రెండు చీరలను, ఆ రెండును నిక్కమైన పట్టే సుమా, సిల్కుమార్కు చీటీలతో సహా కౌంటరుమీద బోర్లించి, గుట్టలోనున్న అసలు పనివానిని కేకవేసెను: "అబ్బాయ్! ఇవి తీసెయ్. వేరేవి నువ్వే చూపించు. ఎవరో దారినపోయే మనిషి చెబితే చీరలు కొంటామా?"

"అన్నీ మంచివేనమ్మా, కళ్ళు మూసుకుని తీసుకోండి" అని అతడు గుట్ట దిగి వచ్చెను. ఆమె ముఖము ప్రసన్నమయ్యెను. నా చుట్టునున్న గుంపు, పాదములకు చప్పుడు లేకుండ, అతని చుట్టు చేరెను.

వంగపండు చీరను మా గృహిణి నా ముంజేతిమీది వరుసలో చేర్చుచుండగా, ట్రేలో కాగితపు కప్పు పెట్టుకొని యొక కుఱ్ఱవాడు వచ్చి, "గుంటూరు బ్రాంచి ఆయన ఎవరండీ?" అని యడిగెను. మా గృహిణి నావంక చూచెను. నా వెనుక, స్తంభమునకు ఆనుకొని, లేత నీలిరంగు చొక్కావాడు మఱియొకడు నిలుచుండెను, అతనిని చూపితిని. అతడు "నేను కాదండీ" అనబోయి, కుఱ్ఱవాడు అప్పటికే కప్పు చేతిలో పెట్టుటచే, ముంజేతిమీది చీరలపై టీ ఒలుకకుండ మోచేయి పైకెత్తి త్రాగనారంభించెను.