ఏటి ఒడ్డున 90 నిమిషాలా!

మా రోజుల్లో ఇంగ్లండులో పబ్బులు మధ్యాహ్నం మూసేసేవారు. ఆదివారమైతే పన్నెండింటికి తీసి రెండింటికే తలుపులు వేసేవారు. మళ్ళీ తెరిచేది రాత్రి ఏడింటికే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధ కర్మాగారాల కార్మికులు తాగి పని పాడుచేస్తారేమోనన్న భయంతో పెట్టిన ఆంక్ష అది. యుద్ధం 1918లో ముగిసినా మామూలు రోజుల్లో మధ్యాహ్నపు మూత 1988 దాకా, ఆదివారాల్లో 1995 దాకా సాగింది. ఇప్పుడా బాధ లేదు. రోజంతా తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. కానీ తీరిగ్గా కూర్చుని నాలుగు ముద్దలు తినే భాగ్యమే లేదు. ఇదేం చోద్యమో మీరే చెప్పండి!

డెబ్బైలలో డాక్టరు ఉద్యోగాలకని ఈ దేశం వచ్చినవాళ్ళం మేం. రాత్రీ పగలూ ఆస్పత్రి డ్యూటీలు. సెలవు దొరికితే ఆక్స్‌ఫర్డ్ పక్కన గాడ్‌స్టో దగ్గర థేమ్స్ ఒడ్డునున్న ట్రౌట్ ఇన్‌కి పోయేవాళ్ళం. ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ రాసిన లూయిస్ కారోల్ 1862 జులై 4న ముగ్గురు ఆడపిల్లల్ని పడవెక్కించుకుని ఆలిస్ కథ చెబుతూ వచ్చింది ఈ గాడ్‌స్టోకే. చిన్నపిల్లల్ని బారు గదిలోకి రానిచ్చేవారు కాదు కాబట్టి సంసారులందరం బయట నీళ్ళ పక్కనే కూర్చునేవాళ్ళం. పిల్లలు గోడ మీంచి చిప్సు ముక్కలు విసిరితే చబ్ చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చేవి.

తిండి మాటకొస్తే, మాంసం ముట్టని మా ఆవిడకి ప్లౌమన్స్ లంచ్ ఒక్కటే దిక్కు. కరకరలాడే బ్రెడ్డు, అరచేయంత చెడ్డార్ చీజ్ ముక్క, వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయ, నల్లగా తియ్యపుల్లగా ఉండే పికిల్. పొలం గట్టు మీద చద్దన్నం, ఉల్లిపాయ, ఊరగాయ తిన్నవాళ్ళకి ఆ పళ్ళెం కొత్తగా అనిపించదు. ఆ పేరుతో దానికి ప్రచారం తెచ్చింది యుద్ధం తర్వాతి రోజుల చీజ్ వ్యాపారులేనట. ఎవరు తెస్తేనేం, కడుపు నిండేది. పబ్బు యజమాని సెల్లార్లోని పీపాలోంచి చేతిపంపుతో బీరు నిదానంగా లాగేవాడు. వేళ కాగానే గంట కొట్టి గ్లాసులు తీసుకుపోయేవాడు గాని, గట్టు మీద కూర్చున్న మనిషిని లేపేవాడు కాదు.

ఇప్పుడు చూడండి. ఈమధ్య మనవలతో ఇంకో ఏటి ఒడ్డు పబ్బుకి వెళ్ళాం. ముందే కార్డు నంబరిచ్చి టేబులు బుక్ చేసుకోవాలి, అదీ 90 నిమిషాలకే. కూర్చోగానే ఎదురుగా క్యూఆర్ కోడ్. అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకోవడమే, ఏటి వంక చూసినవాడు లేడు. నా బ్రెడ్డు సగంలో ఉండగానే ఒక అమ్మాయి వచ్చి, “మీ 90 నిమిషాలు అవుతున్నాయి సర్” అంది. పాపం, ఆ పిల్ల తప్పేముంది? అలా చెప్పమని పెట్టిన వాళ్ళననాలి. బిల్లులో సర్వీస్ చార్జీ మాత్రం మరిచిపోలేదు.

అన్నీ చెడిపోయాయని నేననను. 2007 జులై 1న పబ్బుల్లో పొగ మాన్పించారు, డాక్టరుగా దానికి చేతులెత్తి మొక్కుతాను. శాకాహారులకిప్పుడు నాలుగు రకాలు దొరుకుతున్నాయి. పబ్బు నడిపేవాళ్ళ కష్టమూ తెలుసు. డెబ్బైలలో దేశంలో 70 వేలకు పైగా ఉన్న పబ్బులు ఇప్పుడు సుమారు 45 వేలకు దిగిపోయాయి. అద్దెలు, పన్నులు, కరెంటు బిల్లులు, సూపర్‌మార్కెట్లో చవక బీరు, వీటి మధ్య నలిగిపోతున్నారు. అంతమాత్రాన కూర్చున్న మనిషిని గడియారం పెట్టి లేపేస్తే ఎలా? తిండి ఇంట్లోనూ దొరుకుతుంది. అంత దూరం పోయేది ఏటి గాలిలో నింపాదిగా కూర్చోవడానికే గదా! ఆ ఏరైనా బాగుందా? 2024 ఆక్స్‌ఫర్డ్–కేంబ్రిడ్జ్ పడవ పందెంలో థేమ్స్ నీళ్ళలోకి దిగొద్దని పడవవాళ్ళని హెచ్చరించాల్సి వచ్చింది. మురుగునీరు అంతగా కలుస్తోంది.

ఈ దేశానికి కొత్తగా వచ్చే తెలుగు పిల్లలకి నేను చెప్పేదొకటే. బుకింగ్ అడగని పల్లెటూరి పబ్బులు ఇంకా ఉన్నాయి. వారం మధ్యలో, మధ్యాహ్నం పూట వెళ్ళండి. తాగకపోతే పోయె, నిమ్మరసం చెప్పుకోండి. కౌంటరు దగ్గరికెళ్ళి యజమానితో రెండు మాటలాడండి. ఫోను జేబులో పెట్టి, నెమ్మదిగా తినండి. మీలాంటి వాళ్ళు నలుగురు వెళ్తేనే అవి మిగులుతాయి.