రెగ్యులరేనా?

తెలుగునాట డిగ్రీ ఉన్న మనిషిని ఏం చదివావని ఎవరూ అడగరు. “రెగ్యులరేనా?” అని అడుగుతారు. పెళ్లిచూపుల్లో కాఫీ చల్లారకముందే అడుగుతారు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ తిరగేసి మరీ అడుగుతారు. “లేదండీ, ఓపెన్‌లో చేశాను” అన్నామో, అవతలివాళ్ల నోట్లోంచి “ఓహో” అని ఒక మాట వస్తుంది. అయిదొందల నోటును వెలుతురుకు పెట్టి చూసే కిరాణా కొట్టు సేటు నోట్లోంచి వచ్చే “ఓహో” అది.

ఇంతకీ ఈ రెగ్యులర్ బాబు ఎవరు? మన ఇంజనీరింగు కాలేజీల్లోనే చూద్దాం. పొద్దున్నే పసుపుపచ్చ బస్సెక్కుతాడు. బయోమెట్రిక్ మీద వేలు పెడతాడు. ఆ వేలితోనే మధ్యాహ్నం దాకా ఫోన్లో రీల్స్ తోస్తుంటాడు. హాజరు 75 శాతానికి కాస్త తగ్గితే కండొనేషన్ ఫీజు కడతాడు. అంటే క్లాసుకు రానందుకు డబ్బు పుచ్చుకుని, వచ్చినట్టే రాసుకుంటారన్నమాట. పరీక్షకు రెండు రోజుల ముందు ఆల్ ఇన్ వన్ కొంటాడు, ఫైనలియర్లో ప్రాజెక్టు అమీర్‌పేటలో కొంటాడు. ఆ ప్రాజెక్టులో ఏముందో వైవాకు వెళ్లే దారిలో చదువుకుంటాడు. పాఠానికీ ఇతనికీ మధ్యనున్న దూరం ఏ టేపుకూ అందదు. అయినా రెగ్యులరే. బస్సెక్కాడు కదా!

ఇక ఆదివారం పూట ఏదైనా ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లి చూడండి. గేటు పక్కన ‘స్టడీ సెంటర్’ అని రేకు బోర్డు ఉంటుంది. లోపల నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన హోంగార్డు, ఆ వెనక ఆర్టీసీ కండక్టరు, కిటికీ పక్కన అంగన్‌వాడీ టీచరు. ఆవిడ చంటిపిల్లాడిని ఒళ్లో పెట్టుకుని ద్రవ్యోల్బణం మీద నోట్సు రాసుకుంటూ ఉంటుంది. పిల్లాడు పెన్ను లాక్కుంటాడు, ఆవిడ మళ్లీ లాక్కుంటుంది, మధ్యలో ఒక నిర్వచనం సగంలో ఆగిపోతుంది. కౌన్సెలర్‌గా వచ్చిన లెక్చరరు గంటయిందని పుస్తకం మూస్తే, “సార్, ఇంకో పది నిమిషాలు” అని వెనకనుంచి అడిగేది ఇక్కడే. రెగ్యులర్ క్లాసులో ఈ మాట విన్న లెక్చరరు ఎవరైనా ఉంటే ముందుకు రావాలి. పూలదండ ఖర్చు నాది.

ఈ ఓపెన్‌ను పరాయివాళ్లెవరో మన నెత్తిన రుద్దలేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునాటే పుట్టింది. బడి మెట్లు ఎక్కనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చంది. దాన్ని నిలబెట్టిన మొదటి వైస్‌చాన్సలర్ జి. రామ్‌రెడ్డిని ఢిల్లీ పిలిపించుకుని 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోను చేతిలో పెట్టింది. తరవాత యూజీసీ చైర్మన్‌నూ చేసింది. ఇంకో రాష్ట్రమైతే ఈపాటికి దీని మీద శకటం కట్టి రిపబ్లిక్ డే నాడు ఊరేగించేది. మనం బయోడేటాలో ఓపెన్ డిగ్రీ ఉన్న వరసను ఎక్కడ దాచాలా అని చూస్తాం.

1991లో ఆ విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. పెట్టినవాళ్లు అనుకున్నదానికంటే కూడా అతికినట్టు కుదిరిన పేరది. చిన్నప్పుడు ఆయన ఇంటినుంచి గోనెపట్టా తెచ్చుకుని, తోటి పిల్లలకు ఎడంగా ఓ మూల కూర్చుని చదువుకున్నాడు. అదీ రెగ్యులర్ చదువే మరి. మనిషిని దూరం పెట్టడానికి దూరవిద్య అక్కర్లేదని మన తరగతి గదులకు ఎప్పటినుంచో తెలుసు.

2020లో ఒక వింత జరిగింది. కరోనా దెబ్బకు రెండు రాష్ట్రాలూ పిల్లాపాపలతో సహా దూరవిద్యలో చేరిపోయాయి. సెప్టెంబరు నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ బడి పెట్టాయి. కార్పొరేటు కాలేజీలు పాఠాలను జూమ్‌లోకి మార్చాయి. ఫీజు ఒక్కటే రెగ్యులర్‌గా మిగిలింది. ఆ ఏడాది పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి, పూర్తిగా రాయకుండానే అందరూ పాస్. బీటెక్ కుర్రాడు వీడియో ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, దుప్పటి ముసుగులో సెమిస్టర్లు దాటేశాడు. ఆ బ్యాచ్‌లవాళ్లంతా ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, పెళ్లిళ్లూ అవుతున్నాయి. వాళ్లలో ఒక్కణ్నయినా ఎవరైనా “రెగ్యులరేనా?” అన్నారా?

నాకు అర్థమైనంతలో మన పేచీ దూరంతో కాదు, ధరతో. ఓపెన్ డిగ్రీకి ఏడాదికి కొన్ని వేలు కడితే సరిపోతుంది. అక్కడే పరువు పోయింది. అదే మనిషి అదే ఆదివారం ఇంట్లో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో పాఠం చూసి లక్షలు కట్టాడనుకోండి, దాని పేరు ‘ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాం’. గచ్చిబౌలి అల్లుడు అది పూర్తిచేస్తే లింక్డ్‌ఇన్‌లో ఫొటో, మామగారి వాట్సాప్ స్టేటస్‌లో దండం పెట్టే బొమ్మలు. ఐఐటీ మద్రాస్ 2020లో ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. జేఈఈ అక్కర్లేదు, చదువు ఇంట్లోనే, పరీక్ష మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. గట్టి కోర్సే, పిల్లలు చెమటోడ్చే చదువుతున్నారు. నాన్నలు మాత్రం “మావాడు ఐఐటీ అండీ” అని అక్కడితో ఆపేస్తారు. ఎదుటివాడికి ఆ ప్రశ్న అడగడానికి నోరు పెగలదు. ఇగ్నోలో చదివేవాడి తండ్రి “మావాడు సెంట్రల్ యూనివర్సిటీ అండీ” అని ఒక్కసారి అని చూడమనండి. అబద్ధమేమీ కాదు.

టీవీలో ఊరికే వచ్చిన పాఠం చూసి మొహం తిప్పుకున్న జనమే, బైజూస్ సేల్స్ కుర్రాడు తలుపు తట్టగానే ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టారు. 2022లో ఆ కంపెనీ విలువ 2,200 కోట్ల డాలర్లన్నారు. 2024కల్లా దివాలా కేసులో పడింది. దూరంనుంచి చెప్పే చదువు మీద నమ్మకం లేనివాళ్లకు అంత నమ్మకం ఎక్కడినుంచి ఊడిపడిందో!

అనుమానం ఊరికే పుట్టలేదు, అదీ నిజమే. మొబైల్ రిపేరు షాపు పై అంతస్తులో, ఎక్కడిదో నోరు తిరగని పేరున్న యూనివర్సిటీ బోర్డు. “ఫీజు కట్టండి, మిగతాది మేం చూసుకుంటాం.” మిగతాది అంటే పరీక్ష. కింద జిరాక్స్ షాపులో అసైన్‌మెంటు సబ్జెక్టుకు ఇంత అని రాసిపెడతారు. దూరవిద్యలో ఇంజనీరింగు పట్టాలిచ్చిన డీమ్డ్ యూనివర్సిటీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు కొరడా ఎత్తింది. 2001-05 మధ్య చేరినవాళ్ల డిగ్రీలు ఆపి, మళ్లీ పరీక్ష రాసి నెగ్గుకు రమ్మంది. ఆ తరవాత చేరినవాళ్లవి రద్దు చేసింది. అనుమతులిచ్చిన అధికారుల సంగతి తేల్చమని సీబీఐకి చెప్పింది. బాగానే ఉంది. మనం మాత్రం ఆ తీర్పును మన పద్ధతిలో అమలు చేసుకున్నాం. పట్టాలమ్మినవాడు బోర్డు మార్చుకుని పక్క వీధికి వెళ్లాడు, ఒళ్లో పిల్లాడితో ద్రవ్యోల్బణం రాసుకున్న ఆవిడ ప్రమోషన్ ఫైలు ముందు సంజాయిషీ చెప్పుకుంటోంది.

గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్‌తో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో తేల్చేసింది. కాగితం మీద సమానత్వానికి మన దేశంలో ఎన్నడూ కరువు లేదు. అంతకు ముందే, 2021లో, రెగ్యులర్ విద్యార్థి కూడా సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా చేసుకోవచ్చని వీలిచ్చింది. అంటే రేపటి రెగ్యులర్ పెళ్లికొడుకు అరవై శాతమే రెగ్యులర్. మిగతా నలభైకి కట్నంలో ఎంత కోత వేయాలో పెళ్లిళ్ల పేరయ్యలు ఇప్పుడే ఒక పట్టిక తయారు చేసుకోవడం మంచిది.

దూరవిద్య భవిష్యత్తు మీద సదస్సులు పెట్టి, ప్రతి సదస్సులోనూ ఏకలవ్యుడి కథ చెప్పి శాలువాలు కప్పుకునే పెద్దలకు నాదొక మనవి. (కథ బొటనవేలి దాకా రాగానే వాళ్లు గొంతు సవరించుకుని “సమయాభావం వల్ల” అంటారు, గమనించారా?) అయ్యా, ముందు ఫీజు వంద రెట్లు పెంచండి. ‘దూర’ తీసేసి ‘గ్లోబల్’ తగిలించండి. స్టడీ సెంటర్‌ను ప్రభుత్వ కాలేజీ నుంచి హైటెక్ సిటీ మాల్‌లోకి మార్చి దానికి ‘లాంజ్’ అని పేరు పెట్టండి. కౌన్సెలర్‌గారిని మెంటర్ చేసి మెడలో ట్యాగు వేయండి. ఆయనకు గంటకిచ్చే డబ్బు పెంచనక్కర్లేదు. హోంగార్డులూ అంగన్‌వాడీ టీచర్లూ ఆ ఫీజు కట్టలేక వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు, దాంతో డిగ్రీకి రావలసిన గౌరవం వచ్చేస్తుంది. స్నాతకోత్సవం ఫైవ్‌స్టార్ హోటల్లో, బఫేతో సహా. పాఠ్యపుస్తకాలు పాతవే ఉంచండి. వాటిని ఎవరూ తెరిచి చూడరు.